గూడూరు జంక్షన్‌లో అరగంట ఫ్రీ!

విజయవాడ నుంచి నెల్లూరు మీదుగా చెన్నైకి పోయే లైను ఒకటి. వెంకటగిరి, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంట, తిరుపతి వైపు తిరిగే లైను ఇంకొకటి. ఈ రెండూ కలిసే చోటే గూడూరు జంక్షన్. బయటివాళ్లకి గూడూరంటే నిమ్మకాయలు, అభ్రకం గనులు. రైలు మారేవాళ్లకి మాత్రం గూడూరంటే ఎదురుచూపే. కొండకెళ్లే భక్తులు, చెన్నైలో ఉద్యోగం చేసే కుర్రాళ్లు, పరీక్షకెళ్లే పిల్లలు... అందరి చేతిలోనూ ఫోనే.

ఇలాంటి చోట టైమ్ గడవడానికి వైఫై కావాలని గూగుల్ కూడా పసిగట్టింది. రైల్వే స్టేషన్లలో ఫ్రీ వైఫై ఇస్తామని 2015 సెప్టెంబరులో ప్రకటించింది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌తో మొదలుపెట్టింది. ఏప్రిల్‌కల్లా మన విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ కూడా లిస్టులోకి వచ్చేశాయి. పట్టాల వెంబడి వేసిన ఫైబర్ రైల్వే సంస్థ రైల్‌టెల్‌ది, వైఫై టెక్నాలజీ గూగుల్‌ది. 2018 జూన్‌లో అస్సాంలోని దిబ్రూగఢ్‌తో 400 స్టేషన్లు పూర్తయ్యాయి.

టైమ్‌పాస్‌కే కాదు, బతుకు మార్చుకోవడానికీ పనికొచ్చింది ఈ వైఫై. ఎర్నాకుళం స్టేషన్‌లో ఒక పోర్టర్ సామాన్లు మోస్తూనే, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాఠాలు విన్నాడు. 2018లో కేరళ పీఎస్సీ రాతపరీక్ష గట్టెక్కాడు!

ఇంతలో జియో వచ్చింది, డేటా చవకైంది. ఇక మా అవసరం పెద్దగా లేదంటూ 2020 ఫిబ్రవరిలో గూగుల్ తప్పుకుంటున్నట్టు చెప్పింది. వైఫై మాత్రం ఆగలేదు. రైల్‌టెల్ తన 'రైల్‌వైర్' పేరుతో నడుపుతోంది. ఇప్పుడది 6,000కు పైగా స్టేషన్లలో ఉంది. రోజుకు మొదటి 30 నిమిషాలు ఫ్రీ. ఆపైన కావాలంటే డబ్బు కట్టాలి. 2021లో ఈ ప్లాన్లు తెచ్చినప్పుడు రోజుకు 5 జీబీ 10 రూపాయలే.

డేటా చవకయ్యాక ఈ అరగంట ఎవరికి అంటారా? 2024 జులైలో రీచార్జ్ రేట్లు ఎలా పెరిగాయో మీకు తెలుసు కదా! పొద్దుటి డేటా సాయంత్రానికి అయిపోయినవాళ్లకి ఆ అరగంటే దిక్కు. అయితే చిన్న మెలిక ఉంది. లాగిన్ అవ్వాలంటే ఫోన్‌కి ఓటీపీ రావాలి. డేటా లేకపోయినా పర్లేదు. సిమ్ వ్యాలిడిటీ అయిపోయి మెసేజ్‌లే ఆగిపోతే మాత్రం ఫ్రీ వైఫై కూడా లేనట్టే. అంటే చేతిలో డబ్బుల్లేక రీచార్జ్ మానుకున్నవాడే ఈ ఫ్రీకి దూరమవుతాడు. అసలు అవసరం అతనిదే! స్టేషన్ కౌంటర్‌లో టికెట్ చూపిస్తే కోడ్ ఇచ్చే ఏర్పాటు ఉంటే ఎంత బాగుంటుంది?

అందాకా గూడూరులో దిగితే ఇలా చేయండి. రీల్స్ పక్కన పెట్టి ముందు హాల్‌టికెట్, పీడీఎఫ్ నోట్స్, వినాల్సిన క్లాసు డౌన్‌లోడ్ చేసుకోండి. ఫ్రీ టైమ్‌లో స్పీడ్ తక్కువ, కాబట్టి పెద్ద సినిమాల జోలికి వెళ్లొద్దు. అందరూ వాడే వైఫైలో బ్యాంకు పనులు అస్సలు వద్దు. ఇంకో మాట, చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉన్నా అనౌన్స్‌మెంట్ మీద ఓ చెవి వేసి ఉంచండి. వైఫై రేపు మళ్లీ ఫ్రీ, తిరుపతి బండి మాత్రం ఆగదు!