ఆస్కార్‌కు ఎంత చోటు కావాలి?

దుకాణంలో 2 అంగుళాల ఆస్కార్ చేపపిల్లను చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. చిన్న తొట్టి సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. అమెజాన్ ప్రాంతపు ఈ చేప ఏడాది తిరిగేసరికి జానెడవుతుంది, ఆపైన అడుగు దాకా పెరుగుతుంది. ఒక్కదానికే 4 అడుగుల పొడవున్న తొట్టి, సుమారు 280 లీటర్ల నీళ్లు కావాలి. ఎత్తుకంటే వెడల్పు ముఖ్యం. వెనక్కి తిరగడానికి చోటుండాలి కదా!

తోడు విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. నోట్లో పట్టే చేపనల్లా అది మింగేస్తుంది. గప్పీలు, నియాన్ టెట్రాలు దానికి మేతే. పళ్లెంలా వెడల్పాటి ఒళ్లున్న సిల్వర్ డాలర్ చేపల గుంపైతే నెగ్గుకొస్తుంది, అదీ 6 అడుగుల తొట్టిలో. ఫ్లవర్‌హార్న్ అనే మరో పెంపుడు చేపనైతే ఒంటరిగానే ఉంచాలి. తన హద్దులోకొచ్చిన చేపను రెక్కలు చీలికలయ్యేదాకా, పొలుసులు రాలేదాకా తరుముతుంది. మూలన నక్కి రొప్పే ఆ చేపను చూడలేం. పెద్ద తొట్టికి ఇంట్లో చోటు లేకపోతే, దయచేసి ఆ ఆస్కార్ పిల్లను కొనకండి.