బెజవాడలో ఒక ఆదివారం, ఒక తప్పుల పుస్తకం

విజయవాడ స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఐదున్నర. ప్లాట్‌ఫాం మీద టీ తాగుతూ బ్యాగు ఒకసారి తడిమి చూసుకున్నా. మూడు రాత్రులు కూర్చుని తయారుచేసిన ఎక్సెల్ షీట్ ప్రింటవుట్ అందులో ఉంది. మా చెల్లి నీట్ ప్రిపరేషన్‌కి ప్లాన్ అది. పదిహేను వారాలు, నూట ఐదు రోజులు, రోజుకు పద్నాలుగు గంటలు. ఫిజిక్స్‌కి నీలం, కెమిస్ట్రీకి పసుపు, బయాలజీకి ఆకుపచ్చ. మా ఆఫీసులో ఏ ప్రాజెక్టుకీ నేనంత అందమైన ప్లాన్ వేయలేదు.

చెల్లి అంటే మా పిన్ని కూతురు. వాళ్లది ఒంగోలు దగ్గర పల్లె. నిరుడు నీట్ రాసింది, సీటు రాలేదు. ఇప్పుడు విజయవాడలో లాంగ్ టర్మ్ చేస్తోంది. ఈ ఏడాది ఫీజు కోసం బాబాయి రెండెకరాలు కౌలుకిచ్చి డబ్బు ముందే తీసేసుకున్నాడు. ఆ సంగతి ఆ పిల్లకి తెలుసు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అరిసె కూడా సరిగ్గా తినలేదు. తిరిగి వెళ్లే ముందు మాత్రం నాతో మెల్లగా ఒక మాట అంది.

"అన్నయ్యా, నేను చదువుతూనే ఉన్నా. మార్కులే కదలట్లేదు."

ఆ మాట పట్టుకునే వచ్చా.

హైవే పక్కన పిల్లల ఊరు

గన్నవరం వైపు వెళ్లే సిటీ బస్సెక్కా. రామవరప్పాడు రింగు దాటి ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి... హైవేకి అటూ ఇటూ కాలేజీ బోర్డులు, ర్యాంకుల ఫ్లెక్సీలు. ఒక్కో ఫ్లెక్సీ మీద పాస్‌పోర్టు ఫొటోల్లో వందల మొహాలు. ఆ పిల్లలెవరూ నవ్వరు, గమనించారా?

ఈ రోడ్డు నాకు కొత్త కాదు. 2013 నుంచి 2015 దాకా ఇంటర్ ఎంపీసీ ఇక్కడే చదివా. అప్పుడు మన దగ్గర ఇంజినీరింగ్‌కైనా మెడిసిన్‌కైనా ఎంసెట్టే. 2017 నుంచి ఎంసెట్ ఎంబీబీఎస్ సీట్లు నీట్‌కి మారాయి. పరీక్ష మారింది గానీ హాస్టల్ గంట మారలేదు. మాకు నాలుగున్నరకి కొట్టేవాళ్లు, చెల్లి వాళ్లకీ నాలుగున్నరకే. స్టడీ అవర్‌లో కునికితే నిలబెట్టేవాళ్లు. నిలబడి నిద్రపోవడం నేను నేర్చుకుంది అక్కడే.

హాస్టల్ గేటు దగ్గర జాతరలా ఉంది. అవుటింగ్ ఆదివారం కదా. క్యారేజీలు పట్టుకున్న అమ్మలు, ఆవకాయ జాడీ సంచిలో పెట్టుకున్న తాతయ్యలు, రిజిస్టర్‌లో సంతకం కోసం క్యూ. తొమ్మిదికి చెల్లిని పంపించారు. ఐదింటికల్లా తిరిగి గేట్లో ఉండాలి. చేతిలో ఎనిమిది గంటలు.

"మాక్ టెస్ట్ పేపర్ తెచ్చుకున్నావా?"

"తెచ్చా. టిఫిన్ తిన్నాకే చూద్దాం అన్నయ్యా, ప్లీజ్."

గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాం. నెల రోజుల తర్వాత ఆ పిల్ల ఆకలితో తినడం చూశా.

లెనిన్ సెంటర్లో దొరికిన టైంటేబుల్

అక్కణ్నుంచి లెనిన్ సెంటర్. పాత పుస్తకాల కొట్లు అంటే విజయవాడలో ఎవరైనా చూపించేది అదే. ఇంటర్లో ఉండగా అవుటింగ్ వస్తే మేం సినిమాకి, లేదంటే ఇక్కడికి వచ్చేవాళ్లం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాల బైండింగులు, మధ్యలో డిటెక్టివ్ నవలలు. ఎక్కడా మారలేదు.

చెల్లి ఒక పాత పన్నెండో తరగతి బయాలజీ పుస్తకం తీసింది. అట్ట లోపలి వైపు ఎవరో స్కేలుతో గీతలు కొట్టి టైంటేబుల్ రాసుకున్నారు. 'రోజుకు 16 గంటలు' అని పైన ఎర్ర ఇంకుతో రాసి కింద రెండు గీతలు. దాని కింద తేదీలు, ఒక్కో తేదీ పక్కన టిక్కు.

టిక్కులు పదకొండో రోజు దాకా ఉన్నాయి. తర్వాతంతా ఖాళీ.

చెల్లి నవ్వింది. "నాది తొమ్మిది రోజులకే ఆగిపోయింది."

నేను నవ్వలేదు. బ్యాగులో ఉన్న నా మూడు రంగుల కాగితం గుర్తొచ్చింది. ఎందుకైనా మంచిదని అడిగా: "రోజులో నీ ఇష్టప్రకారం చదువుకునే టైం ఎంత?"

వేళ్ల మీద లెక్కపెట్టింది. పొద్దున్నే స్టడీ అవర్‌లో వాళ్లు చెప్పిందే చదవాలి. తర్వాత క్లాసులు. సాయంత్రం హోంవర్క్. తనకంటూ మిగిలేది మధ్యాహ్నం అరగంట, రాత్రి రెండు గంటలు. మొత్తం రెండున్నర గంటలు. నేను వేసిన ప్లాన్ పద్నాలుగు గంటలకి! వాళ్ల హాస్టల్లో లేని పిల్ల కోసం వేశానన్నమాట. సాఫ్ట్‌వేర్‌లో మేం రోజూ తిట్టుకునే తప్పు ఇదే. వాడేవాళ్లని అడక్కుండా తయారుచేయడం.

ఆ పుస్తకం కొన్నాం. ఎక్సెల్ షీట్ బయటకి తీయలేదు.

ఘాట్ మెట్ల మీద లెక్క

ఆటో దిగి ప్రకాశం బ్యారేజీ మీద కాసేపు నడిచాం. 1957 నాటి కట్టడం. ఒకవైపు నిండుగా నీళ్లు, రెండోవైపు ఇసుక తిన్నెలు. పైన ఇంద్రకీలాద్రి. జనవరి ఎండ హాయిగా ఉంది. పద్మావతి ఘాట్ మెట్ల మీద కూర్చుని పేపర్ ముందేసుకున్నాం.

నీట్ లెక్క అందరికీ తెలిసిందే. 180 ప్రశ్నలు, మూడు గంటలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. సరైన జవాబుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. చెల్లి 171 ప్రశ్నలకు జవాబు పెట్టింది. 124 రైటు, 47 తప్పు. మార్కులు 449.

"మొత్తం సిలబస్ మళ్లీ మొదటి నుంచి చదవాలి అన్నయ్యా" అంది. "బయాలజీనే 32 చాప్టర్లు."

"మా ఆఫీసులో బగ్ వస్తే ప్రోగ్రాం మొత్తం మళ్లీ రాయరు. ముందు బగ్ ఎక్కడుందో చూస్తారు. ఆ 47 నాకు చూపించు."

గంటన్నర పట్టింది. ఒక్కో తప్పు పక్కన ఒక అక్షరం రాశాం. తెలిసీ తప్పు పెట్టింది అయితే 'తొ', అంటే తొందర. చదివింది గానీ గుర్తురాలేదు అంటే 'మ', మరుపు. అసలు తెలియనిది 'తె'. చివర్లో కూడితే తొందర 19, మరుపు 17, తెలియనివి 11.

చెల్లి కాగితం వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ పందొమ్మిదిలో సగం 'సరికానిది ఏది' అనే ప్రశ్నలు. సరైనది కనపడగానే టిక్కు పెట్టేసింది. ఒక తప్పు రైటైతే లాభం నాలుగు కాదు, ఐదు మార్కులు. పోయిన మైనస్ కూడా తిరిగొస్తుంది కదా. పందొమ్మిదీ సరిచేసుకుంటే 95 మార్కులు. కొత్తగా ఒక్క పేజీ చదవకుండా 449 కాస్తా 544. అన్నీ సర్దుకోవనుకో, సగం సర్దుకున్నా చాలు.

"మరి మరుపు?"

పుస్తకం మూసి పక్కన పెట్టా. "నెఫ్రాన్ గురించి తెలిసింది చెప్పు." బాగా మొదలుపెట్టింది. హెన్లీ లూప్ దగ్గర ఆగిపోయింది. కిందికి దిగే భాగంలోంచి నీళ్లు బయటకి వెళ్తాయా, లవణాలా? "నాలుగుసార్లు చదివా అన్నయ్యా!" కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకం తెరిచి చూసుకుంది. దిగేటప్పుడు నీళ్లు, ఎక్కేటప్పుడు లవణాలు. ఇక ఈ జన్మలో మర్చిపోదు.

కిటుకు అక్కడే ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా సైకాలజిస్టులు ఇదే పరీక్షించి చూశారు. పాఠాన్ని పదే పదే చదివినవాళ్లకి ఐదు నిమిషాల తర్వాత బాగా గుర్తుంది. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. మన పరీక్ష ఐదు నిమిషాల తర్వాత కాదు కదా. మళ్లీ చదివితే తెలిసినట్టు అనిపిస్తుంది, అంతే. తెలుసో లేదో చెప్పేది తెల్లకాగితమే.

కాగితం వెనక వైపు

నా ఎక్సెల్ షీట్ అప్పుడు బయటకి తీశా. దాని వెనక ఖాళీ వైపు చెల్లి తన ప్లాన్ తనే రాసుకుంది. నేను అడిగింది ఒక్కటే, చేయగలవా అని.

రాత్రి రెండు గంటల్లో మొదటి అరగంట పాత తప్పులకి. తర్వాత గంట ఒక టాపిక్: చదవడం, మూయడం, తెల్లకాగితం మీద రాయడం. చివరి అరగంట ఫిజిక్స్ లెక్కలు. కాగితం మీద రానివి మర్నాడు, మూడోనాడు, వారం తర్వాత మళ్లీ రాయాలి. బుధవారం ఏమీ పెట్టుకోలేదు. జ్వరమొచ్చినా, స్లిప్ టెస్ట్ పడినా వెనకబడింది ఆ రోజు సర్దుకోవచ్చు. ఖాళీ లేని ప్లాన్ ఒక్క జ్వరానికే కూలిపోతుంది. ఆ పాత పుస్తకంలో పన్నెండో రోజున ఏం జరిగిందో మరి.

ఆదివారం మాక్ టెస్ట్ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. అసలు నీట్ టైం అదే. 2023, 2024, 2025 మూడేళ్లూ మే మొదటి ఆదివారమే జరిగింది. మే నెల మధ్యాహ్నం, మన ఎండలు! ఆ టైంలో కునికే అలవాటున్న బుర్రని ఇప్పటి నుంచే మేల్కొల్పాలి. ఓఎంఆర్ షీట్ మీద దిద్దడం కూడా ఆ మూడు గంటల్లోనే. ఆఖరి రెండు వారాలు కొత్త పాఠాలు వద్దు. నిద్ర ఆరు గంటలకి తగ్గకూడదు. ఆ మాట మాత్రం నేనే రాయించా.

"టార్గెట్ 600 అని రాయనా?"

వద్దన్నా. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720. మరుసటి ఏడాది పేపర్ కష్టంగా వచ్చింది, దేశంలో ఫస్ట్ ర్యాంకుకే 686. పేపర్ ఎలా వస్తుందో మన చేతిలో లేదు. ఈ వారం 'తొ'లు ఎన్ని తగ్గాయి అన్నది మన చేతిలో ఉంది.

కాసేపాగి అడిగింది. "ఈసారి కూడా రాకపోతే నాన్నకి ఏం చెప్పాలి?"

సమాధానం నా దగ్గర రెడీగా లేదు. అక్కడే బాబాయికి ఫోన్ కలిపి ఇచ్చా. స్పీకర్లో పెట్టలేదు, ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నది వైపు తిరిగి చాలాసేపు మాట్లాడింది. పెట్టేశాక మొహం తేలిగ్గా ఉంది. "పొలం ఎక్కడికీ పోదు, నువ్వు జాగ్రత్త అన్నాడు" అని మాత్రం చెప్పింది. ఇది చదివేవాళ్లలో అలాంటి బరువు మోస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉంటే ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. చెప్పలేకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఎప్పుడైనా పలుకుతారు, డబ్బులు అక్కర్లేదు.

అమ్మవారి పెన్ను

తిరిగి వెళ్తూ కొండ వైపు చూసి దణ్ణం పెట్టుకుంది. దసరాల్లో మూలా నక్షత్రం రోజు అమ్మవారిని సరస్వతి అలంకారంలో చూడటానికి ఇక్కడ విద్యార్థులు బారులు తీరతారు. పోయిన దసరాకి పిన్ని ఆ క్యూలో నిలబడి, పాదాల దగ్గర పెట్టించిన పెన్ను ఒకటి చెల్లికి తెచ్చిచ్చింది. పరీక్షకని దాచుకుంది.

"నీట్ హాల్లోకి మన పెన్ను రానివ్వరు కదా, వాళ్లే ఇస్తారు" అన్నా, కాస్త జాలిగానే.

"తెలుసు అన్నయ్యా. దీంతో తప్పుల పుస్తకం రాస్తా."

ఐదుకి పది నిమిషాలు ఉండగా గేట్లోకి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను బస్సు కోసం హైవే మీద నిలబడ్డా. ఎదురుగా అవే ఫ్లెక్సీలు.

మార్చి రెండో ఆదివారం హాస్టల్ ఫోన్ నుంచి కాల్ వచ్చింది. మార్కులెన్నో నేను అడగలేదు, తను చెప్పలేదు.

"అన్నయ్యా, 'తొ'లు ఏడు. మధ్యలో నాలుగు రోజులు జ్వరం వచ్చింది, రెండు బుధవారాల్లో సర్దేశా. ఇంకో సంగతి, ఆ పెన్నులో ఇంకు అయిపోయింది. రీఫిల్ ఎక్కడ దొరుకుతుంది?"