ఇద్దరుంటేనే ఉండ!

ఆదివారమంటే మన ఇళ్లలో కోడికూరో పులిహోరో ఘుమఘుమలాడాల్సిందే. జర్మనీ నడిబొడ్డున ఉన్న తురింగియా రాష్ట్రంలో ఆ మర్యాద బంగాళాదుంప ఉండలది. వాటి పేరు క్లోసె. పక్కన పుల్లగా తియ్యగా ఉడికిన ఎర్ర క్యాబేజీ, పైన చిక్కటి మాంసం గ్రేవీ. మహాకవి గోథే నివసించిన వైమార్ పట్టణం ఈ రాష్ట్రంలోదే. కానీ ఇక్కడివాళ్లకు కవుల్ని చూసి ఎంత గర్వమో ఈ ఉండల్ని చూసినా అంతే!

ఒకప్పుడు ఇది పేదల తిండి. కొండలు, అడవులు ఎక్కువున్న చోట గోధుమ పండించడం కష్టం. 18వ శతాబ్దంలో బంగాళాదుంప సాగు వ్యాపించాక కడుపు నిండే దారి దొరికింది. దుంపలూ క్యాబేజీ చలికాలమంతా నిల్వ ఉంటాయి మరి.

చూడ్డానికి మన ఉండ్రాళ్లలా ఉన్నా చేయడం అంత తేలిక కాదు. మూడు వంతుల దుంపల్లో రెండు వంతులు పచ్చివి, ఒక వంతు ఉడికించినవి. నలుగురికైతే కిలో పచ్చివి, అరకిలో ఉడికించినవి కావాలి. పచ్చి దుంపల్ని నీళ్లలోకి తురిమి, గుడ్డ సంచిలో వేసి బొట్టు లేకుండా పిండాలి. ఆలస్యమైతే గాలి తగిలి తురుము నల్లబడుతుంది. పిండిన నీళ్లను పారబోయరు. కాసేపటికి అడుగున పేరుకున్న తెల్లటి గంజిపిండిని మళ్లీ తురుములో కలుపుతారు. ఈలోగా ఉడికిన దుంపల్ని జావలా మెదిపి, సలసల కాగుతుండగానే తురుము మీద పోసి గబగబా కలపాలి. ఒకరు పోస్తుంటే ఇంకొకరు కలపాలి. అందుకే ఇది ఒక్కరి వంట కాదు. తాతయ్య తురిమితే, నాన్న పిండితే, నాయనమ్మ కలిపితే, పిల్లలు వెన్నలో వేయించిన బ్రెడ్డు ముక్కల్ని ఉండల మధ్యలో దూర్చేవారు.

తడి చేత్తో చేసిన ఉండల్ని ఉప్పు వేసిన వేడినీళ్లలో వదలాలి. నీళ్లు తెర్లితే ఉండలు విచ్చిపోతాయి. సన్నటి మంట మీద ఇరవై నిమిషాలుంచితే వాటంతటవే పైకి తేలతాయి.

క్యాబేజీకి మాత్రం తొందర లేదు. సన్నగా తరిగి ఉల్లిపాయ, యాపిల్ ముక్కలు, లవంగాలు, బిర్యానీ ఆకు, కాస్త పంచదార, వెనిగర్ వేసి గంటసేపు మగ్గనిస్తారు. వెనిగర్ పడగానే ఊదా రంగు ఆకు ఎర్రగా మారుతుంది. పులుపు తగ్గితే నీలంగా కనిపిస్తుంది. ఉత్తర జర్మనీలో దీన్ని రోట్‌కోల్... అంటే ఎర్ర క్యాబేజీ అనీ, దక్షిణాన బ్లౌక్రౌట్... అంటే నీలి క్యాబేజీ అనీ పిలుస్తారు. వడ్డించాక ఉండను కత్తితో కోయకూడదు. ఫోర్కుతో చీలిస్తేనే గ్రేవీ లోపలికి ఇంకుతుంది.

ఇప్పుడు దుకాణాల్లో రెడీమేడ్ పిండి దొరుకుతోంది. ప్యాకెట్ చించి ఉండ చేసుకుంటే చాలు. ఇంట్లో ఒకరో ఇద్దరో మిగిలినప్పుడు దుంపల్ని తురిమేదెవరు, పిండేదెవరు? అందుకే చాలా ఇళ్లలో గుడ్డ సంచి అటకెక్కింది. వైమార్ దగ్గర హైషెల్‌హైమ్ అనే ఊళ్లో క్లోసె కోసమే ఓ ప్రదర్శనశాల పెట్టారు.

ఈ ఉండల్ని దక్షిణ తురింగియాలోని మైనింగెన్‌లో హ్యూటెస్ అంటారు. జానపద కథల్లోని హోలె అవ్వ ఆ ఊరివాళ్లకు దీని తయారీ నేర్పుతూ 'హ్యూట్ ఎస్' అందట. అంటే 'దీన్ని భద్రంగా కాపాడుకో' అని. పండగనాడు పిల్లలూ మనవలూ ఇంటికొస్తే అటక మీది సంచి మళ్లీ కిందికి దిగుతుంది. ఆ రోజు కావాలనే నాలుగు ఉండలు ఎక్కువ చేస్తారు. మర్నాడు వాటిని బిళ్లలుగా కోసి వెన్నలో ఎర్రగా వేయిస్తే, ఊరెళ్లేవాళ్లకు అదే పొద్దుటి పలహారం!