వాయిదాల చిట్టా

బరంపురం కోర్టులో నేను నలభై రెండేళ్ళు వకీలు గుమాస్తాగా పనిచేశాను. 1970లో చేరి 2012లో మానుకొన్నాను. నల్లకోటు వేసుకొన్నవారి వెనకాల ఫైళ్ళ కట్ట పట్టుకొని నడిచానే గాని ఆ కోటు నేను వేసుకోలేకపోయాను. మెట్రిక్ పాసయ్యాక ఇంట్లో పరిస్థితి అలాంటిది. మన ఊరి తెలుగువాళ్ళకి వకీలు వృత్తి మీద మోజు కొత్తదేమీ కాదు. రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు 1894లో ఈ ఊళ్ళోనే పుట్టారు. వారి తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న ప్లీడరు. గిరిగారు డబ్లిన్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివి 1916లో తిరిగి వచ్చారు. ఆ కథ మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ చెప్పేవారు. అందుచేత 2024 ఏప్రిల్‌లో మా మనవరాలు "తాతా, నేను లా చదువుతాను" అన్నప్పుడు ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంతోషించింది నేనే. మా అబ్బాయికి మాత్రం ఇంజనీరింగు మీదే మనసు. అయినా కూతురి మాట కాదనలేక కోచింగుకి నలభై వేలు కట్టాడు.

మా రోజుల్లో లా చదవాలంటే ముందు డిగ్రీ పూర్తి కావాలి. ఆ తరవాత మూడేళ్ళు. ఇప్పుడు ఇంటరు అయిన వెంటనే అయిదేళ్ళ కోర్సు ఉంది. దానికి దారి చూపింది బెంగుళూరులోని నేషనల్ లా స్కూలు. అక్కడ మొదటి బ్యాచి చేరింది 1988లో. ఆ తరవాత హైదరాబాదులో నల్సార్ వచ్చింది. విశాఖపట్నం, కటక్, తిరుచిరాపల్లి, ముంబయి, నాగపూర్‌లలోనూ ఇలాంటి విశ్వవిద్యాలయాలు వచ్చాయి. మన పత్రిక చదివేవారిలో చాలామందికి వీటిలో ఏదో ఒకటి ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలోనే ఉంటుంది. వీటికి 2008 నుంచి ఒకే ప్రవేశ పరీక్ష. దానిని క్లాట్ అంటారు. దరఖాస్తుకే మాకు 4,000 రూపాయలయ్యాయి.

పరీక్ష తీరు చెబితే తప్ప మా ఇంటి గొడవ మీకు అర్థం కాదు. రెండు గంటల్లో 120 ప్రశ్నలు. ఇంగ్లీషు, వర్తమాన విషయాలు, చట్టానికి సంబంధించిన తర్కం, మామూలు తర్కం, కొద్దిగా లెక్కలు. ఏ భాగం చూసినా ముందొక పేరా, దాని కింద ప్రశ్నలు. ఒక్కొక్క పేరా దాదాపు 450 మాటలు. ఒప్పుకి ఒక మార్కు, తప్పుకి పావు మార్కు కోత. చట్టం ముందే తెలిసి ఉండనక్కరలేదు. పేరాలో ఒక సూత్రం ఇస్తారు, కింద ఒక సంఘటన ఇస్తారు, సూత్రాన్ని సంఘటనకి పెట్టి చూడమంటారు. వినడానికి తేలికే.

మనవరాలు మొదటి ప్రాక్టీసు పేపరు రాస్తే 46 వచ్చాయి. మే నెలలో 55 అయ్యాయి, జూన్‌లో 59. అక్కడితో ఆగిపోయాయి. వారానికి ఒక పేపరు రాసేది కాస్తా మూడు రాయడం మొదలుపెట్టింది. రాత్రి పదింటికి కూర్చొని పన్నెండు దాకా రాసేది. మార్కులు 56, 60, 57. చెరువులో పడ్డ చెక్కలాగ అక్కడే తేలుతున్నాయి. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆ పిల్లకి ఎక్కువ బాధ అనుకొంటాను.

జులై ఆఖరున ఒక రాత్రి భోజనాల దగ్గర వాళ్ళ నాన్న "ఈ వారం ఎంతొచ్చిందమ్మా?" అని అడిగితే, "71" అంది. వాడి ముఖం వెలిగిపోయింది. మరో రెండు వడలు వేయించుకొని తిన్నాడు. మర్నాడు పాత పేపర్లు సర్దుతుంటే ఆ జవాబుల షీటు నా చేతికి దొరికింది. చేతికి కాగితం తగిలితే కూడిక సరిచూడడం నా వృత్తిలో పట్టిన జబ్బు. 120 ప్రశ్నలకీ గుర్తులు పెట్టింది. 70 ఒప్పు, 50 తప్పు. అంటే 70లోంచి పన్నెండున్నర పోగా 57.5.

కొడుకుతో చెప్పనా, మాననా అని ఆ రోజంతా సతమతమయ్యాను. చెబితే కోచింగు మాన్పించి, ఇంటరు పరీక్షల మీద దృష్టి పెట్టమంటాడు. అది అన్యాయమనీ అనలేను. సాయంత్రం దీపం పెట్టే వేళకి మేడ మీదకి పిలిచి, షీటు చూపించి, "ఇదేటమ్మలూ?" అన్నాను. తలుపు పట్టుకొని నిలబడి ఏడ్చింది. "నాన్న డబ్బు దండగ చేశాను తాతా. నాకు రాదు. చెప్పేయ్" అంది. నేను చెప్పలేదు. చెప్పకపోవడం తప్పని ఇప్పటికీ అనిపిస్తుంది. కాని కోర్టులో ఎంత చెడ్డ కేసయినా ఫైలు చదవకుండా వదులుకోవడం నేను చూడలేదు. "ఆ 50 తప్పులూ ఒకసారి తీసి చూద్దాం. ఆ తరవాత నువ్వే మీ నాన్నకి చెబుదువు గాని" అన్నాను.

తప్పుల్ని గుట్టలుగా పోశాం. 13 వర్తమాన విషయాలవి. తెలిస్తే తెలుస్తాయి, లేకపోతే లేదు. లెక్కలవి 5. మిగిలిన 32 పేరాలు చదివి చెప్పవలసినవి. గుడ్డిగా గుర్తులు పెట్టడం వల్లనే మునిగిందేమోనని నేను అనుమానించాను. పిల్ల లెక్క వేసి చూపించింది. నాలుగింటిలో ఒకటి గుడ్డిగా పెడితే పెద్ద నష్టమూ లేదు, పెద్ద లాభమూ లేదుట. ఒక జవాబయినా కాదని కచ్చితంగా కొట్టేయగలిగితే లాభమేనట. కాబట్టి రోగం అక్కడ లేదు. ఎక్కడుందో నాకు తెలియలేదు.

తెలియడానికి నా కన్ను కారణమయింది. ఆగస్టు మొదటి వారంలో కుడికంటి శుక్లం తీయించుకొన్నాను. కొన్నాళ్ళు చదవవద్దన్నారు. పేపరు కూడా లేకుండా పొద్దుపోక, "నీ పేరాలేవో నాకు చెప్పు, వింటాను" అన్నాను. మొదట ఇంగ్లీషులో గడగడా చదివేసింది. నాకు సగం అందలేదు. "తెలుగులో చెప్పు. ఎవరు ఎవరి మీద దావా వేశారు, ఎందుకు, జడ్జిగారు ఏమన్నారు, అంతే" అన్నాను.

చెప్పలేకపోయింది.

ఆ పిల్ల చదువు ఇంగ్లీషు, స్నేహితులతో ఒడియా, మాతో తెలుగు. మూడూ చక్కగా మాట్లాడుతుంది. తెలుగు రాక చెప్పలేకపోవడం కాదు. పేరాలో ఉన్నదేమిటో ఆమెకే తెలియలేదు. మాటలన్నీ తెలుసు, మాటల మధ్య సంబంధం జారిపోయింది. 'అయితే', 'తప్ప', 'ఒకవేళ' అన్న చిన్న మాటలు వచ్చిన చోటల్లా దాటేసిపోయింది. సూత్రానికి ఒక మినహాయింపు ఉంటే అది నాకు చెప్పేదే కాదు. నేనేమో గుమాస్తాని. "మరి నోటీసు ఇచ్చాడా? గడువు లోపలేనా? ఆ సంగతి పేరాలో ఉందా, లేక నువ్వు అనుకొన్నావా?" అని పీకేవాణ్ణి. విసుక్కొనేది. మళ్ళీ చదివేది. రోజుకి నాలుగు పేరాలు, ప్రతిదీ ముందు తెలుగులో నాలుగు మాటల్లో చెప్పి, అప్పుడు ప్రశ్నల్లోకి వెళ్ళడం. 'కన్సిడరేషన్' అంటే ప్రతిఫలమని, 'మార్ట్‌గేజ్' అంటే తనఖా అని నేను చెప్పడం. వారానికి మూడు పేపర్లు కాస్తా ఒక్కటయింది. వాళ్ళ కోచింగువాళ్ళు ఎన్ని పేపర్లు రాస్తే అంత మంచిదనేవారు. అందరికీ అదే మంచిదేమో, మా పిల్లకి కాలేదు.

మా ఇద్దరికీ పెద్ద పోట్లాట ఒక ప్రశ్న మీద వచ్చింది. పదిహేడేళ్ళ కుర్రాడు తాను మేజరునని అబద్ధం చెప్పి ఒక వ్యాపారి దగ్గర అప్పు తెచ్చుకొన్నాడు. పేరాలో సూత్రం, మైనరు చేసుకొన్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని. వ్యాపారి ఆ ఒప్పందాన్ని పట్టుకొని అప్పు రాబట్టగలడా? "ఎందుకు రాబట్టలేడు? అబద్ధమాడి డబ్బు తిన్నవాడు కట్టాల్సిందే" అన్నాను. పిల్ల కూడా పరీక్షలో అదే గుర్తు పెట్టి వచ్చింది. తప్పు. 1903లోనే మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిలు మైనరు ఒప్పందం చెల్లదని తేల్చేసిందట. నలభై రెండేళ్ళ అనుభవం నాకు సున్నా మార్కులు తెచ్చింది, ఇంకా పావు మార్కు అప్పు. నేను ఒప్పుకోలేదు. చివరికి ఆ పిల్లే నాకు చెప్పింది, "న్యాయమేటని అడగట్లేదు తాతా. ఈ పేరా ప్రకారం ఏటని అడుగుతున్నాడు." ఆ మాట అంటూ తానే ఆగిపోయింది. వెనక్కి తిరగేస్తే ఆ 32 తప్పుల్లో తొమ్మిది ఇలాంటివే. మనసుకి న్యాయం అనిపించినదానికి గుర్తు పెట్టింది. మా వకీలుగారు జూనియర్లని ఎప్పుడూ కోప్పడేవారు, రికార్డులో లేనిది మాట్లాడవద్దని. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తుకు రావడం సిగ్గే.

నా పాత కేసు డైరీల్లో రాయకుండా మిగిలిన పుస్తకం ఒకటుంది. దాన్ని తప్పుల చిట్టాగా చేశాం. గుమాస్తా డైరీలో ప్రతి కేసుకీ తరవాతి వాయిదా రాసి ఉండాలి. లేకపోతే కేసు మరుగున పడుతుంది. తప్పయిన ప్రశ్నకి ఎందుకు తప్పయిందో ఒక ముక్క రాసి, వారం తరవాతి తేదీకి వాయిదా వేసేది. ఆ రోజు జవాబు చూడకుండా మళ్ళీ చేయాలి. ఒప్పయితే మూడు వారాలకి ఇంకో వాయిదా. అప్పుడూ ఒప్పయితే ఎర్ర సిరాతో కొట్టేసి 'తీర్పు' అని రాసేది. మళ్ళీ తప్పయితే మళ్ళీ వాయిదా. కొన్ని మొండి కేసులు అయిదారు వాయిదాలు తిన్నాయి.

ఇంకో మార్పు మా కోడలు చేసింది. అసలు పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా. ఈ పిల్ల రాత్రి రాస్తోంది. "మావయ్యా, అన్నం తిన్నాక కునుకొచ్చే వేళకదా, ఆ వేళకే అలవాటు చేయాలి" అంది కోడలు. అప్పటినుంచి ఆదివారం రెండింటికి తలుపు మూసి, గడియారం ఎదురుగా పెట్టి, బాల్ పెన్నుతో గుళ్ళు నింపడంతో సహా అక్కడ ఎలా చేయాలో అలాగే చేయించాం. మొదటిరోజు నిజంగానే నిద్రపోయింది.

మార్కులు వెంటనే పెరిగిపోలేదు. ఆగస్టు మూడో వారం 54 వచ్చింది, ముందుకన్నా తక్కువ. ప్రతి పేరా ఆగి చదవడంతో 31 ప్రశ్నలు మిగిలిపోయాయి. ఆ రోజు నేనూ భయపడ్డాను, పైకి కనపడనివ్వలేదు. సెప్టెంబరులో 63, 61, 66. వేగం నెమ్మదిగా తిరిగొచ్చింది. అక్టోబరు మొదటి ఆదివారం 74.

విజయదశమి ఆ ఏడు అక్టోబరు 12న. పుస్తకాల పూజలో పిల్ల చిట్టా కూడా పెట్టింది. పూజ అయ్యాక వాళ్ళ నాన్నని కూర్చోబెట్టి, మొదటి పేజీ నుంచి మార్కులన్నీ చదివింది. జులైలో 57.5 అని కూడా చదివింది. "నీతో 71 అన్నాను నాన్నా" అంది. వాడు నా వైపు చూశాడు. నేను చూరు వైపు చూశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత వాడు చిట్టా తీసుకొని పేజీలు తిప్పుతూ, "ఇంకా ఎన్నిటికి తీర్పు కావాలి?" అని అడిగాడు. 41 ఉన్నాయి. ఆ రాత్రి నుంచి పేరాలు వినే పని వాడు తీసుకొన్నాడు. నన్ను తీసేశారన్నమాట. నవంబరులో ఒకసారి 78.5 వచ్చింది. అదే ఎక్కువ.

2024 డిసెంబరు 1న తండ్రీ కూతుళ్ళు పొద్దున్న రైలుకి భువనేశ్వరం వెళ్ళారు. చిలికా పక్కనుంచి బండి పోతున్నంతసేపూ పిల్ల కిటికీలోంచి చూస్తూనే కూర్చుందట, పుస్తకం తీయలేదట. పరీక్షలో ఇంట్లో వచ్చిన ఎక్కువ మార్కుకన్నా కొంచెం తక్కువే వచ్చింది.

ఆపైన జరిగినది నా వృత్తికి తగ్గట్టుగా ఉంది. కొన్ని ప్రశ్నల జవాబులు సరి కావని విద్యార్థులు కోర్టుకి వెళ్ళారు. డిసెంబరు 20న ఢిల్లీ హైకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. వేరు వేరు హైకోర్టుల్లో ఉన్న కేసులన్నిటినీ 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అక్కడికే పంపింది. ఏప్రిల్ 23న హైకోర్టు తీర్పు, మే 7న సుప్రీంకోర్టు తీర్పు. సీట్ల జాబితా అందాకా లేదు. ఆ అయిదు నెలలూ ఇంట్లో అందరూ నలిగిపోయారు. నేను మాత్రం చిట్టా ఆఖరు పేజీలో పరీక్ష పేరే కేసుగా రాసి, ఒక్కొక్క తేదీ వేసుకొంటూ పోయాను. మొదటి జాబితాలో పిల్ల పేరు లేదు. తరవాతి దానిలో పొరుగు రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో వచ్చింది. కోరుకొన్నది అది కాదు. ఫీజుకి మా అబ్బాయి అప్పు చేశాడు, అతను మేజరే.

మొన్న రాత్రి హాస్టలు నుంచి ఫోను చేసింది. ఒప్పందాల చట్టం చదువుతున్నారట. "తాతా, నువ్వన్నది మరీ తప్పు కాదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 33వ సెక్షను ఉంది. మైనరుకి లాభం దక్కి ఉంటే, దక్కినంత మేరకు తిరిగి ఇమ్మని కోర్టు చెప్పొచ్చు" అంది. ఆ పేరాలో ఇది లేదు కదా అన్నాను. లేదంది. చిట్టా అలమారు నుంచి తీయించి చూస్తే ఆ ప్రశ్నకి పిల్ల ఎర్ర సిరాతో ఎప్పుడో తీర్పు రాసేసింది. నా సంతకం మాత్రం దాని కింద లేదు.