నన్ను, నాకు, నాతో

ముప్పది యేండ్లుగా ఇంగ్లీషు బోధించుచు వేలకొలది వ్యాసపుస్తకములు దిద్దిన నా చేతికి, ఎఱ్ఱసిరా కలము ఏ వాక్యము కడ ఆగునో చూడకయే తెలియును. 'ఎక్స్‌ప్లెయిన్ మి ది లెసన్' అని ఒక్కమారైన వ్రాయని తెలుగు విద్యార్థి నాకు అరుదుగా కనబడినాడు. మొదటి పదేండ్లు నేను ఆ 'మి'కి ముందు 'టు' చేర్చి, క్రింద గీత గీచి, పుట త్రిప్పితిని. ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, "టీచ్ మి అనవచ్చును, టెల్ మి అనవచ్చును, షో మి అనవచ్చును, ఎక్స్‌ప్లెయిన్ మి అని ఏల అనరాదు మాస్టారూ?" అని అడిగెను. అది వాడుక కాదని చెప్పి కూర్చుండబెట్టితిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడు అడిగినదానికి నేను చెప్పినది సమాధానము కాదు.

వాని తప్పులో వాని తల్లిభాష యున్నది. మనము 'నాకు పాఠము వివరించుము' అందుము. 'నాకు చెప్పుము', 'నాకు చూపుము', 'నాకు నేర్పుము' అన్నట్లే అదియు సాగును. ఆ 'కు' వర్ణకమును మన వైయాకరణులు షష్ఠిలో జేర్చిరి గాని, పని యెవరికై జరుగుచున్నదో వానిని చూపు సంప్రదానభారమును నిత్యవ్యవహారమున మోయునది అదియే. 'నన్ను' వేరు, 'నాకు' వేరు, 'నాతో' వేరు. ఐదేండ్ల శిశువునకైనను ఇవి తారుమారు కావు. ఇంగ్లీషున ఈ మూడింటికిని కనబడునది ఒక్క 'మి' మాత్రమే.

అయితే ఆ భాష పుట్టుకతో ఇంత బీదది కాదు. వేయియేండ్ల క్రిందటి ఇంగ్లీషులో 'అతనిని' అనుటకు 'హినె', 'అతనికి' అనుటకు 'హిమ్' అని వేర్వేరు రూపము లుండెడివి. కాలక్రమమున విభక్తులు అరిగిపోగా, ద్వితీయారూపమైన 'హినె' నశించి, చతుర్థీరూపమైన 'హిమ్' రెండు పనులకును నిలిచినది. 'హిమ్', 'హర్', 'దెమ్', 'హూమ్' అన్నియు ఒకప్పటి చతుర్థులే. కావున 'గివ్ హిమ్ ఎ బుక్' అన్నప్పుడు అందు 'టు' లోపించినదని తలచుట పొరపాటు. ఆ 'హిమ్'లోనే 'అతనికి' అను ప్రాచీనార్థము ఇంకను ఊపిరి పీల్చుచున్నది. గివ్, టెల్, సెండ్, షో, టీచ్, లెండ్ అనునవి ఆ భాష యింటి సొత్తైన జర్మానిక్ ధాతువులు. విభక్తు లున్ననాటి అలవాటును విడువక, మనిషిని ముందును వస్తువును వెనుకను నిలుపుకొని రెండు కర్మలను భరించును. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి ద్వారమునను, తరువాత పండితుల వ్రాతల మూలమునను లాటిను నుండి వచ్చిన ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, అనౌన్స్ వంటివి ఆ యింటి యాచారమును పూర్తిగా అలవరచుకొనలేదు. అవి మనిషిని 'టు' చేయూత లేనిదే దరి చేరనీయవు. ప్రామిస్, ఆఫర్ వంటి కొన్ని లాటిను పుట్టుకవి పాతవారితో కలిసిపోయినవి గనుక దీనిని చట్టమనరాదు గాని, ఆ బాలుని ప్రశ్నకు ఇంతకంటె దగ్గరి సమాధానము నాకు దొరకలేదు.

సంస్కృతము చదువుకొన్నవారికి ఈ రెండు కర్మల వ్యవహారము క్రొత్త కాదు. ఆవును పాలు పితుకుట, బాలుని త్రోవ యడుగుట అని వ్యాకరణపాఠశాలలో ద్వికర్మక ధాతువులకు చెప్పు ఉదాహరణములు ప్రసిద్ధములు. 'నన్ను త్రోవ అడిగెను' అను తెలుగు వాక్యమును 'హి ఆస్క్డ్ మి ది వే' అను ఇంగ్లీషు వాక్యముతో పోల్చి చూడుడు: ఎక్కడను 'కు' లేదు, 'టు' లేదు, నన్నును త్రోవను ఒక్క క్రియయే పట్టుకొన్నది. ఇంత దూరపు భాషలు ఈ యొక్కచోట చేయి కలుపుట చూచినప్పుడెల్ల నాకు పులకరింత కలుగును. మరునాడు తరగతిలో మొదట చెప్పినది ఈ వాక్యమునే.

ఈ క్రియల పోకడలను విద్యార్థి చేతికి అందునట్లు వర్గీకరించిన పుణ్యము ఎ. ఎస్. హార్న్‌బీకి చెందును. జపాను విద్యార్థులకు ఇంగ్లీషు నేర్పుచు, తన సహచరులతో కూడి ఆయన కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చైనది. అందు ప్రతి క్రియయు తన వెంట ఏ పదములను ఏ వరుసలో రానిచ్చునో 25 క్రియాక్రమములుగా చూపబడినది. అంతవరకు నిఘంటువులు పదమునకు అర్థము చెప్పెడివి. ఇది పదమునకు సంసార మెట్టిదో చెప్పెను. పరాయిభాష నేర్చువాని యిబ్బంది అర్థములో కంటె సంసారములోనే హెచ్చు.

'రాబ్', 'స్టీల్' అను జంటను చూడుడు. దొంగ నా సంచి దోచినాడనుటకు 'రాబ్డ్ మి ఆఫ్ మై పర్స్' అనవలెను. అదే 'స్టీల్' అయినచో సంచి ముందు నిలిచి నేను 'ఫ్రమ్' వెనుకకు పోవుదును. మొదటి క్రియ దృష్టి దోపిడికి గురియైన మనిషిమీద, రెండవదాని దృష్టి పోయిన వస్తువుమీద. మన 'దోచు' ధాతువు 'నన్ను దోచెను', 'నా సొమ్ము దోచెను' అని రెంటికిని ఒదుగును.

ఇక 'పిక్ ఇట్ అప్'. నామపదమైనచో 'పిక్ అప్ ది బుక్' అనియు, 'పిక్ ది బుక్ అప్' అనియు అనవచ్చును. సర్వనామమైనచో అది నడుమ దూరవలసినదే, 'పిక్ అప్ ఇట్' అనరాదు. ఇంగ్లీషు వాక్యమున ఊనిక సాధారణముగా తుదిపదముమీద పడును. ముందే తెలిసిన వస్తువును సూచించు 'ఇట్' ఆ ఊనికను మోయదు గనుక లోపలికి జరుగును. 'లుక్ ఆఫ్టర్ ఇట్'లో మాత్రము 'ఆఫ్టర్' విభక్తివంటిది. సర్వనామమును విడిచి కదలదు. ఈ 'అప్', 'ఔట్', 'ఆఫ్'లను మన ఉపసర్గములతో పోల్చి చెప్పితిని. ఒక్క 'హృ' ధాతువు ఆహార విహార సంహార పరిహారములుగా మారుట పిల్లలెఱిగినదే. వేదభాషలో ఉపసర్గము క్రియకు ఎడముగ, నడుమ అన్యపదములు నిలువగా, ఉండవచ్చునని పాణిని సూత్రించినాడు. క్రియకును దాని తోడిపదమునకును నడుమ 'ఇట్' దూరుట వింతయని తలచిన పిల్లలు ఇది విని నిమ్మళించిరి.

'డిస్కస్ అబౌట్' అను తప్పునకు మన 'గురించి' కారణమనియు, 'మ్యారీడ్ విత్ హిమ్' అనుటకు మన 'తో' కారణమనియు చెప్పి ముందుకు సాగితిని. 'ఎట్' కడ మాత్రము చాలసేపు నిలిచితిని. 'నన్ను చూచి నవ్విరి' అనుటకు వారు 'లాఫ్డ్ ఎట్ మి' అందురు. మన 'చూచి'లో నున్న చూపు వారి 'ఎట్'లో సూటియై యున్నది. 'షౌటెడ్ టు మి' అనగా దూరముననున్న నాకు వినబడునట్లు కేకవేసెను. 'షౌటెడ్ ఎట్ మి' అనగా నామీద కేకలు వేసెను. బంతిని 'టు మి' విసరినచో నేను పట్టుకొనుటకు. 'ఎట్ మి' విసరినచో నాకు తగులుటకు.

ఆ సాయంకాలము గంట కొట్టిన పిదప నేను వరండాలో నిలిచియుంటిని. ఆటస్థలమున ఆ బాలుడే చేతులు రెండును చాచి పరుగెత్తుచు, బంతి పట్టుకొన్న తోటివానితో "త్రో ఇట్ ఎట్..." అని అరచి, చటుక్కున నాలుక కరచుకొని, "టు మి! టు మి!" అని మరింత బిగ్గరగా కేకవేసెను. బంతి గాలిలోనికి లేచినది.