మూలదేశం

విదేశీ తిండి సరుకు ఏది కొన్నా దాని డబ్బా మీద ఒక చిన్న చీటీ అంటించి ఉంటుంది. దిగుమతి చేసినవాడి పేరు, చిరునామా, 14 అంకెల లైసెన్సు నంబరు, ఏ దేశం నుంచి వచ్చిందో ఆ దేశం పేరు. ఆన్‌లైన్‌లో అమ్మే సరుకుకు కూడా మూలదేశం చెప్పి తీరాలని 2020లో నిబంధన వచ్చింది. మంచిదే. కొనేవాడికి తెలియాలి. కానీ ఈ దేశంలో ఆ చీటీ డబ్బాలకే కాదు, మనుషులకూ అంటిస్తారు. మాకు అంటించారు.

నేను జర్నలిస్టును. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, అన్నం పెట్టేది తెలుగు. రంజాన్ నెలలో ఇఫ్తార్ కోసం ఆన్‌లైన్‌లో ఖర్జూరాలు తెప్పిస్తుంటాను. ఒక ఏడాది పార్సిల్ ఆఫీసుకే వచ్చింది. విప్పి అందరికీ పంచాను. ఇష్టంగానే తిన్నారు. ఒక మిత్రుడు నములుతూ "మీ దేశం పండు బాగుంది భాయ్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇట్లాంటి మాటలకు ఇరవై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నాను. కానీ ఆ మాట మాత్రం ఖర్జూరం గింజలా గొంతుకు అడ్డం పడింది.

మా దేశమట! మా దాదా నల్లగొండ జిల్లాలో జొన్న పండించినవాడు. దాదీ హజ్‌కు పోవాలని పైసా పైసా కూడబెట్టింది. ఆ పైసలు మేనత్తల పెళ్లిళ్లకు ఖర్చయ్యాయి. మక్కా, మదీనా చూడకుండానే కన్నుమూసింది. అక్కడి మట్టి ఎట్లా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

సరే, మూలదేశాల లెక్కే తీద్దాం. ఆ మిత్రుడి ఇంట్లో ఇంగువ లేకుండా పులిహోర తిరగమోత పడదు. ఆ ఇంగువ ఎక్కడిది? అఫ్ఘానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌లలో పెరిగే మొక్క వేరుకు గాటు పెడితే పాలు కారతాయి. అవి గడ్డకడితే ఇంగువ. దానికి పిండి, తుమ్మజాతి చెట్ల బంక కలిపి డబ్బాల్లో నింపుతారు. ఆ మొక్కను మన దగ్గర సాగుచేసే ప్రయత్నం హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో 2020 అక్టోబరులో గానీ మొదలుకాలేదు. అంతవరకూ మన పోపుడబ్బాల్లో ఉన్నది దాదాపుగా దిగుమతి ఇంగువే. మడి కట్టుకుని చేసే వంటలోనూ అదే. 'ఇంగువ కట్టిన గుడ్డ' అంటూ దాన్ని నుడికారంలో కూడా కలిపేసుకున్నాం. 'నీ దేశం పో' అని దాన్ని ఎవరూ అనలేదు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది. ఇవాళ గుంటూరు దాని ఇంటిపేరు.

చింతపండు సంగతి ఇంకా చిత్రం. అరబ్బులు దాన్ని 'తమర్ హిందీ' అన్నారు. అంటే హిందూస్తాన్ ఖర్జూరం. ఇంగ్లీషువాళ్ల టామరిండ్ అందులోంచే పుట్టింది. మా అమ్మీ ఖట్టీ దాల్‌కు ఆ పులుపే ప్రాణం. ఖర్జూరం మనది కాదని మనం దూరం జరుగుతున్నాం. మన చింతపండును చూసి వాళ్లు మాత్రం తమ పండు పేరే పెట్టుకున్నారు.

అసలు ఖర్జూరం ఒక్క మాదేనా? కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి, మస్కట్ పోయిన బహుజనులు సూట్‌కేసుల్లో ఖర్జూరం డబ్బాలు తెచ్చి వాడంతా పంచారు. వాళ్లను ఎవరూ అరబ్బులని అనలేదు. అనకూడదు కూడా. మరి మమ్మల్నెందుకు అంటారు? పండు ఎక్కడిదన్నది కాదు లెక్క, తినే నోరు ఎవరిదన్నదే.

నా శాకాహారి మిత్రుడు విదేశీ చాక్లెట్ తెప్పిస్తే ఆకుపచ్చ చుక్క కోసం వెతుకుతాడు. నేను అందులో జెలటిన్ ఉందా, హలాల్ ముద్ర ఉందా అని చూస్తాను. ఇద్దరం చేసేది ఒకటే పని. అతని చుక్కకు చట్టం రక్షణ ఉంది. నా ముద్ర మీద 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఆ ముద్ర ఉన్న సరుకు తయారుచేయొద్దు, నిలవ చేయొద్దు, అమ్మొద్దు అంది. ఎగుమతి సరుకుకు మాత్రం మినహాయింపు. అంటే ఆ ముద్ర ఓడెక్కి డాలర్లు తెస్తే మంచిది, నా కంచంలోకి వస్తే చెడ్డది!

మావాళ్లతోనూ ఒక మాట చెప్పాలి. ఆన్‌లైన్ వచ్చాక మాలో కాస్త డబ్బున్న ఇళ్లకు కొత్త మోజు పట్టుకుంది. అజ్వా ఖర్జూరం, టర్కీ ఆలివులు, జాతర్ పొడి లేకపోతే అది ఇఫ్తారే కాదన్నట్టు. అంబాడే కీ భాజీ, జొన్నరొట్టె జాహిల్ తిండి అయిపోయాయి. అజ్వా మదీనా పండు, దానిమీద ప్రేమ ఉంటుంది. నేనూ తెప్పిస్తాను, కాదనను. కానీ ఆ ఒక్క కిలో పైసలకు బేగంబజార్‌లో ఇరాక్ జాహిదీ ఖర్జూరం నాలుగైదు కిలోలొస్తుంది. రిక్షా తొక్కే ముసల్మాను రోజా విడిచేది దానితోనే. అదీ లేకపోతే గుక్కెడు మంచినీళ్లతో. అతని రోజా తక్కువదా? అరబ్బులా కనబడటమే ముసల్మాను కావడమని మనమే అనుకుంటే, 'మీ దేశం' అన్నవాడి కాగితం మీద మనమే సాక్షి సంతకం పెట్టినట్టు.

అరబ్బు తిండి ఇక్కడికి రావడం ఇవాళ కొత్తగా జరిగింది కాదు. నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడ్డారు. వాళ్లు వండుకునే హరీస్‌లో మన మసాలా, మన నెయ్యి, మన పుదీనా పడి హలీం అయింది. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అరబ్బుల గోధుమ వంటకానికి హైదరాబాదే సొంతూరని ప్రభుత్వమే ముద్ర కొట్టింది.

వంటకానికి ఊరిచ్చారు. వండే చేతులకు ఎప్పుడిస్తారు?