చుక్క చుక్కగా ఒక గీత

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం, బీవర్టన్ ఊరు. టెక్ట్రానిక్స్ కంపెనీ ఆవరణకు దగ్గర్లోనే ఓ రిటైర్డ్ ఇంజనీరు గారిల్లు. కారు షెడ్డునే వర్క్‌షాపు చేసుకున్నారాయన. పక్కనున్న హిల్స్‌బరోలో చిప్పుల ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకడైన మా మేనల్లుడు నన్ను అక్కడికి తీసుకెళ్లాడు.

బల్లమీద టెక్ట్రానిక్స్ వారి 547 ఆసిల్లోస్కోపు ఉంది. 1960ల నాటి వాల్వుల యంత్రం కాబట్టి స్విచ్చి వేశాక వేడెక్కేదాకా ఆగాలి. దాని సొంత సత్తా 50 మెగాహెర్ట్జ్. అంటే 7 నానోసెకన్లకన్నా చురుగ్గా లేచే సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు చూపలేదు. దాని పొట్టలో 1ఎస్2 అనే ప్లగ్-ఇన్ దూర్చితే మాత్రం 90 పికోసెకన్ల దాకా చూస్తుంది!

కిటుకు శాంప్లింగ్‌లో ఉంది. సిగ్నల్ మళ్లీ మళ్లీ వస్తూ ఉండాలి. వచ్చిన ప్రతిసారీ డయోడ్ల గేటు ఒక్క లిప్త తెరుచుకుని, అప్పటి ఓల్టేజీని పట్టుకుని మూసుకుంటుంది. తర్వాతి విడత ఇంకాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఒక్కో విడతకు తెరమీద ఒక్కో చుక్క. ఆ చుక్కలే వరసగా చేరి గీతవుతాయి. వేగం లేని యంత్రం ఓపికతో వేగాన్ని పట్టుకోవడం నాకు ఇంజనీరింగ్‌లోని గొప్ప ఆలోచనల్లో ఒకటనిపిస్తుంది.

కేబుల్ తగిలించే ముందు ఆయన దాని నడిమి తీగను పై కవచానికి తాకించారు. "కేబుల్‌లో ఛార్జి మిగిలి ఉంటే శాంప్లింగ్ డయోడ్లు అక్కడికక్కడే పోతాయి. ఈ పని ఎప్పుడూ మరవకూడదు," అన్నారు.

ప్లగ్-ఇన్‌లోని టన్నెల్ డయోడ్ 50 పికోసెకన్లలో పావు ఓల్టు మెట్టును లేపి కేబుల్‌లోకి పంపుతుంది. లియో ఎసాకి 1957లో కనిపెట్టిన డయోడ్ అది. ఆ పనికి 1973లో నోబెల్ వచ్చింది. కేబుల్ అంతటా ఒకేలా ఉంటే గీత తిన్నగా సాగుతుంది. తేడా ఉన్నచోట మెట్టులో కొంత వెనక్కి తిరిగొస్తుంది. కొస తెగి ఉంటే గీత పైకి లేస్తుంది, షార్టయితే కింద పడుతుంది. ఈ పద్ధతే టైమ్ డొమైన్ రిఫ్లెక్టోమెట్రీ. 1964లో హ్యూలెట్-ప్యాకార్డ్ పత్రికలో బెర్నార్డ్ ఆలివర్ దీన్ని వివరంగా రాశారు.

ఆయన కేబుల్‌ను నడిమధ్య పటకారుతో నొక్కారు. తిన్నని గీతలో చిన్న గుంట పడింది. మెట్టు మొదలైన చోటునుంచి గళ్లు లెక్కపెట్టమన్నారు. గడికి 2 నానోసెకన్ల చొప్పున ఆరు గళ్లు, అంటే 12 నానోసెకన్లు. పాలిథీన్ కేబుల్‌లో వెళ్లి రావడానికి 10 సెంటీమీటర్లకు ఒక నానోసెకను పడుతుంది. 120 సెంటీమీటర్లని చెప్పాను. టేపు పెట్టి చూస్తే పటకారు అక్కడే ఉంది.

తర్వాత 50 ఓములదానికి 75 ఓముల కేబుల్ కలిపారు. అతుకు దగ్గర గీత మెట్టులో అయిదో వంతు పైకెక్కింది. తేడా 25, మొత్తం 125, భాగిస్తే 0.2. కాగితంమీది సూత్రం తెరమీద ఎత్తుగా నిలబడింది. కాలేజీలో ఇంపీడెన్స్‌ను బట్టీపట్టే పిల్లలకు మొదటి రోజే ఇది చూపించాలి.

ఆయన బెంగ టన్నెల్ డయోడ్ల గురించే. కొత్తవి దొరకడం కష్టం, ఉన్నవి వయసు మీదపడి బలహీనమవుతాయి. బయాస్ నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పుతూ మెట్టు నిటారుగా నిలిచే చోటు వెతకడం ఆయన చేతికి అలవాటు. మా మేనల్లుడు నాబ్ వైపే చూస్తున్నాడు.

"శనివారం రా, నీ చేతే తిప్పిస్తాను," అన్నారాయన.